ఎస్‌హెచ్‌టీఎఫ్ తెలుసు సరే, 53 అడుగుల సంగతి తెలుసా? ప్రెప్పర్ భాష మీద నా వెర్డిక్ట్

ఈడీసీ, బీఓబీ, జీహెచ్‌బీ, ఎస్‌హెచ్‌టీఎఫ్, ఆప్‌సెక్. ఈ మధ్య టార్చ్ రివ్యూ చూసినా, పవర్ బ్యాంక్ రివ్యూ చూసినా, మల్టీటూల్ అన్‌బాక్సింగ్ చూసినా ఇవే అక్షరాలు. "ఇది నా ఈడీసీ సెటప్ బ్రో" అంటూ టేబుల్ మీద పదిహేను వస్తువులు వరసగా పేర్చి పెడతారు. కింద కామెంట్లలో లింకు అడిగేవాళ్లే తప్ప, అసలు దేనికి రెడీ అవుతున్నావు అని అడిగేవాళ్లు కనపడరు.

మాది అశ్వారావుపేట. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కోడ్ రాస్తున్నా. గాడ్జెట్లంటే నాకూ పిచ్చే, ప్రెప్పర్ల వీడియోలు నేనూ గంటలు గంటలు చూస్తా. కానీ అటు భద్రాచలం గోదావరికీ ఇటు అడవి వాగులకీ మధ్య పెరిగినవాడిగా నాదో అభిప్రాయం. ఈ భాషలో సగం మనకి పనికొస్తుంది. మిగతా సగం సామాను అమ్ముకోవడానికి పనికొస్తుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక చిన్న టెస్ట్ ఉంది. దానికంటే ముందు ఈ అక్షరాలని డీకోడ్ చేసేద్దాం.

అక్షరాల వెనక ఏముంది?

ఈడీసీ అంటే ఎవ్రీడే క్యారీ. రోజూ ఒంటి మీద ఉండే సామాను: ఫోన్, పర్సు, తాళాలు, చిన్న టార్చ్, కత్తి. మా దగ్గర రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టడానికి పోయేవాళ్ల చేతిలో టార్చ్, కర్ర, భుజాన తువ్వాలు ఉంటాయి. అదీ ఈడీసీయే, కాకపోతే దాని మీద రీల్ ఎవరూ చేయలేదు.

బీఓబీ అంటే బగ్ ఔట్ బ్యాగ్. ఉన్నపళంగా ఇల్లు వదలాల్సి వస్తే భుజాన వేసుకునే బ్యాగ్. మామూలుగా 72 గంటలకు సరిపడా సర్దుతారు. ఆ బ్యాగుతో చేరాల్సిన చోటు బీఓఎల్, అంటే బగ్ ఔట్ లొకేషన్. ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే గట్టిగా కూర్చుంటే అది బగ్ ఇన్.

జీహెచ్‌బీ, గెట్ హోమ్ బ్యాగ్. బయట ఉన్నప్పుడు ఏదైనా జరిగితే ఇంటికి చేరడానికి కావలసినవి. ఇంచ్ బ్యాగ్ దీనికి పూర్తిగా రివర్స్: ఐ యామ్ నెవర్ కమింగ్ హోమ్. ఇక తిరిగి వచ్చేది లేదు అనుకున్నవాడి మూట.

ఎస్‌హెచ్‌టీఎఫ్‌ని మర్యాదగా చెప్పాలంటే, తిరిగే ఫ్యాన్‌కి పేడ తగలడం. గదంతా ఏమవుతుందో ఊహించుకోండి. అంతా ఒక్కసారిగా తలకిందులయ్యే క్షణం అన్నమాట. టీయోట్వాకీ దానికి పెద్దన్న: మనకు తెలిసిన ప్రపంచం అంతమైపోవడం. డబ్ల్యూఆర్‌ఓఎల్ అంటే వితౌట్ రూల్ ఆఫ్ లా, పోలీసు, చట్టం ఏమీ లేని పరిస్థితి. యోయో అంటే యు ఆర్ ఆన్ యువర్ ఓన్, నీకు నువ్వే దిక్కు.

ఆప్‌సెక్ అంటే ఆపరేషన్స్ సెక్యూరిటీ. నీ దగ్గర ఏముందో నాలుగో మనిషికి చెప్పకు అని. ఐఫాక్ అంటే ఒక మనిషికి సరిపడా ఫస్ట్ ఎయిడ్ కిట్. ఎంఆర్ఈ అంటే ప్యాకెట్ విప్పి తినేసే మిలటరీ భోజనం. ఫిఫో గురించి మనకి చెప్పక్కర్లేదు, డేటా స్ట్రక్చర్స్‌లో క్యూ చదివాం కదా. ముందు కొన్న డబ్బా ముందు వాడెయ్యి, అంతే. బియ్యం బస్తాల దగ్గర మా అమ్మ చేసేది అదే.

ఈ భాష ఎక్కడిది?

ఇందులో చాలా భాగం అమెరికా మిలటరీ నుంచి వచ్చింది. ఆప్‌సెక్, ఐఫాక్, ఎంఆర్ఈ అన్నీ అక్కడి మాటలే. మిగతాది 1990లలో ఇంటర్నెట్ చర్చల్లో పెరిగింది. వైటూకే భయం దానికి మంచి ఎరువైంది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయి, కరెంటు పోతుంది, బ్యాంకులు మూతపడతాయి అని అక్కడ కొంతమంది డబ్బాల కొద్దీ తిండి దాచుకున్నారు. సరిగ్గా అదే వైటూకే పనిమీద మన తెలుగు ఇంజనీర్లు వరసపెట్టి అమెరికా ఫ్లైట్ ఎక్కారు. ఒకే బగ్ ఒకడికి బంకర్, ఇంకొకడికి హెచ్1బీ.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ భాష వెనక ఒక ఊహ ఉంది. ఒంటరి మనిషి, సొంత ఇల్లు, సొంత కారు, చుట్టూ నమ్మలేని జనం, ఎప్పుడో ఒకసారి వచ్చిపడే మహాప్రళయం. మన ప్రళయం అలా రాదు. జులై, ఆగస్టుల్లో వస్తుంది. ఏ రూట్లో వస్తుందో ముసలివాళ్లకి తెలుసు. కారు ఉన్నవాళ్ల కంటే లేనివాళ్లే ఎక్కువ. చుట్టూ ఉండేదేమో చిన్నప్పటి నుంచి చూస్తున్న జనమే.

టెస్ట్: ఎప్పుడు? అప్పుడేం చేయాలి?

సర్వర్లు మానిటర్ చేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అలర్ట్‌కి రెండు ఉండాలి. ఒకటి థ్రెషోల్డ్: ఏ నంబర్ దాటితే మోగాలి. రెండోది రన్‌బుక్: మోగాక నిద్రలేచినవాడు ఏం చేయాలి. ఈ రెండూ లేని అలర్ట్ ఒట్టి గోల. రెండు రోజుల తర్వాత ఎవరూ దాన్ని పట్టించుకోరు.

ఇప్పుడు ఎస్‌హెచ్‌టీఎఫ్‌ని ఈ టెస్ట్‌కి పెట్టండి. ఎప్పుడు అయినట్టు? ఎవరూ చెప్పలేరు. అయితే ఏం చేయాలి? ఎవరికి తోచింది వాళ్లు. రెండింటిలోనూ ఫెయిల్.

అదే భద్రాచలంలో ఎవర్నైనా ఆపి "43, 48, 53" అనండి. రిక్షా తొక్కే ఆయన దగ్గర్నుంచి గుడి దగ్గర పూలమ్మే ఆమె దాకా చెప్తారు. గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అయితే రెండోది. 53 అయితే మూడోది. 2022 జులై 16న అది 71.3 అడుగులకు వెళ్లింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986లో అయితే 75.6 అడుగులు. ఈ నంబర్లు మా దగ్గర క్రికెట్ స్కోర్లలా నోటికి వస్తాయి. ఏ నంబర్‌కి ఏ వీధిలోకి నీళ్లొస్తాయో, ఎవరు సామాను సర్దాలో, ఏ రోడ్డు మునుగుతుందో అక్కడివాళ్లకి తెలుసు. థ్రెషోల్డ్ ఉంది, రన్‌బుక్ ఉంది. ప్రపంచంలో ఏ ప్రెప్పర్ అక్రోనిమ్ కంటేనైనా ఇది మంచి జార్గన్ అని నా వాదన. చదువుకోని అమ్మమ్మకి కూడా అర్థమవడం దాని అసలు ఫీచర్.

వాతావరణ శాఖ భాష కూడా ఈ టెస్ట్ పాసవుతుంది, మనం సరిగ్గా చదవమంతే. "భారీ వర్షం" అంటే ఊరికే గట్టిగా పడే వాన అని కాదు, దానికి లెక్క ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 వరకు పడితే భారీ. 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ. అది దాటితే అత్యంత భారీ. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే ఇక కదలండి. టీవీలో రంగు చూసి వాట్సాప్ స్టేటస్ పెట్టేవాళ్లలో ఎంతమందికి ఆరెంజ్ అంటే బ్యాగ్ సర్దే టైమ్ అని తెలుసు?

ప్రాజెక్టుల భాష కూడా అంతే. ఎఫ్ఆర్ఎల్ అంటే ఫుల్ రిజర్వాయర్ లెవెల్, నీళ్లు నిలబెట్టుకోగల పూర్తి మట్టం. క్యూసెక్ అంటే సెకనుకి ఒక ఘనపు అడుగు, దాదాపు 28 లీటర్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఇన్‌ఫ్లో పెరుగుతోంది, మట్టం ఎఫ్ఆర్ఎల్ దగ్గర ఉంది అని వార్తలో వింటే, గేట్ల నుంచి కిందికి నీళ్లు వస్తాయని అర్థం. కింద ఊరివాడికి ఆ ఒక్క వాక్యం ఏ టాక్టికల్ టార్చ్ కన్నా విలువైనది.

నంబర్ లేని వాగు

గోదావరికి అన్నీ ఉన్నాయి. పెద్ద నది, పైన ఎన్నో గేజ్‌లు, నీళ్లు దిగి రావడానికి టైమ్ పడుతుంది. మా అసలు సమస్య చిన్న వాగులు.

2024 జులై 18న మా అశ్వారావుపేట మండలంలో గుమ్మడవల్లి దగ్గర ఉన్న పెద్దవాగు ప్రాజెక్టుకి భారీగా వరద వచ్చింది. వరదలో చిక్కుకున్నవాళ్లని హెలికాప్టర్లతో బయటికి తెచ్చారు. రాత్రికి కట్ట తెగింది. నీళ్లు మా మండలంలో ఆగలేదు. సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోని వేలేరుపాడు, కుక్కునూరు మండలాల వైపు పోయాయి. ఆ మండలాలు 2014 విభజన వరకు మాతో పాటు ఖమ్మం జిల్లాలోనే ఉండేవి. నీళ్లకి రాష్ట్రం మారిన సంగతి తెలియదు కదా.

ఇప్పుడు ఆలోచించండి. భద్రాచలంలో 43, 48, 53 అని నోటికి చెప్పేవాళ్లు ఉన్నారు. పెద్దవాగు కింద ఉన్న ఊళ్లలో అలా జనం నోటిలో ఆడే నంబర్ నేను ఎప్పుడూ వినలేదు. వాగు గంటల్లో పొంగుతుంది. అక్కడ 72 గంటల బ్యాగ్ కంటే ముందు కావలసింది ఒక గంట ముందు వచ్చే మాట, ఆ మాట వినగానే ఎటు పరిగెత్తాలో తెలియడం. నా దృష్టిలో ప్రిపేర్డ్‌నెస్ అంటే ఇదే. ప్రతి మధ్యతరహా ప్రాజెక్టు కింద ప్రతి ఊరి పంచాయతీ గోడ మీద మూడు గీతలు, మూడు నంబర్లు, ఒక్కోదానికి ఒక్కో పని తెలుగులో రాసి ఉండాలి. దానికి యాప్ కూడా అక్కర్లేదు, పెయింట్ డబ్బా చాలు.

ఇక గాడ్జెట్ల జార్గన్

మన సైట్ కాబట్టి ఇది లేకుండా కుదరదు. ప్రెప్పర్ ప్రోడక్టుల మీద రాసే నంబర్లని కూడా అదే టెస్ట్‌కి పెడదాం.

*ఎంఏహెచ్.* పవర్ బ్యాంక్ మీద 20,000 అని ఉంటే అది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 74 వాట్ అవర్స్. వోల్టేజ్ మార్చడంలో, కేబుల్‌లో, వేడిలో కొంత పోతుంది. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని నాలుగుసార్లు నింపుతుందని లెక్కేసుకోకండి, రెండున్నర నుంచి మూడుసార్లు అనుకోండి. బాక్స్ మీద చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఇంకో నంబర్ ఉంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది అది.

*ఐపీ68.* మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. ఐపీ67 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు. 68 అంటే అంతకంటే ఎక్కువ, ఎంత అనేది కంపెనీ చెప్పుకోవాలి. ఈ పరీక్షలన్నీ ల్యాబ్‌లో, నిలకడగా ఉన్న మంచినీళ్లలో. వరదలో బురద ఉంటుంది, వేగం ఉంటుంది, మీ ఫోన్‌కి రెండేళ్ల వయసు, ఒకసారి స్క్రీన్ మార్చిన చరిత్ర ఉంటాయి. పది రూపాయల జిప్ కవర్ ఇక్కడ ఐపీ68తో పోటీ పడుతుంది.

*శాటిలైట్ ఎస్ఓఎస్.* 2022లో ఐఫోన్ 14తో పాపులర్ అయింది. కానీ అన్ని దేశాల్లో పని చేయదు. అమెరికన్ రివ్యూ చూసి కొనకండి, మన దేశం జాబితాలో ఉందో లేదో చూసుకోండి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ పెట్టుకోవడం మన దేశంలో నేరం. హ్యామ్ రేడియోకి లైసెన్సు పరీక్ష ఉంది. ప్రెప్పర్ వీడియోల్లో ఈ రెండు విషయాలూ చెప్పరు.

*సెల్ బ్రాడ్‌కాస్ట్.* ఎవరూ రివ్యూ చేయని ఫీచర్, నా లెక్కలో నంబర్ వన్. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగి టెస్ట్ మెసేజ్ చూపించాయి, గుర్తుందా? చాలామంది హ్యాక్ అయిందనుకున్నారు. అది ఎస్ఎంఎస్ కాదు. టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి వెళ్తుంది, డేటా అక్కర్లేదు, నెట్‌వర్క్ బిజీగా ఉన్నా ఇరుక్కుపోదు. సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అని వెతకండి. ఆ రోజు సౌండ్‌కి భయపడి ఆఫ్ చేసి ఉంటే ఇప్పుడే ఆన్ చేయండి. దాంతో పాటు రెండు ప్రభుత్వ యాప్‌లు: జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల సచేత్, కేంద్ర జల సంఘం వాళ్ల ఫ్లడ్‌వాచ్ ఇండియా. డిజైన్‌కి నేను పెద్దగా మార్కులు వేయను. సమాచారానికి వేస్తా.

*ఎఫ్ఎం రేడియో.* టవర్‌కి కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే పైన చెప్పినవేవీ రావు. అప్పుడు మిగిలేది రేడియో. ఫోన్లలోంచి ఎఫ్ఎం తీసేయొద్దని కేంద్రం 2023లో కంపెనీలకి సూచన కూడా ఇచ్చింది. ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా కాబట్టి వైర్డ్ ఇయర్‌ఫోన్ ఒకటి దాచుకోండి. నాన్న వాడే డబ్బా ఫోన్‌ని చిన్నచూపు చూడకండి. టార్చ్, ఎఫ్ఎం, రోజుల తరబడి బ్యాటరీ. ఇంట్లో ఉన్న అసలైన సర్వైవల్ గాడ్జెట్ అదే.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త

ఒకటి ఐఫాక్. ఆ కిట్‌లో టోర్నికే ఉంటుంది, రక్తం ధారగా పోతుంటే ఆపడానికి గట్టిగా బిగించే పట్టీ. మా అడవి అంచున వరదలప్పుడు ఎక్కువ భయం పాములది. పాము కరిస్తే టోర్నికే బిగించకూడదు. కోయకూడదు, నోటితో పీల్చకూడదు. మనిషిని కదలనివ్వకుండా, కరిచిన చెయ్యో కాలో ఆడకుండా ఉంచి ఆస్పత్రికి చేర్చాలి. నేర్చుకోవాల్సిన అక్రోనిమ్ ఏఎస్‌వీ: పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్. అది బ్యాగులో పెట్టుకునేది కాదు, డాక్టర్ ఇచ్చేది. మీకు దగ్గరలో ఏ ఆస్పత్రిలో ఏఎస్‌వీ ఉంటుందో వానాకాలం ముందే కనుక్కోవడం పది ఐఫాక్‌లతో సమానం.

రెండోది ఆప్‌సెక్. నీ దగ్గర ఏముందో ఎవరికీ చెప్పకు అనే రూల్ మన ఊళ్లలో ప్రమాదం. ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలాయన ఉన్నాడో, ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో, ఎవరి దగ్గర ట్రాక్టర్ ఉందో, ఎవరి డాబా ఎత్తుగా ఉందో ఊరందరికీ తెలిసి ఉండాలి. పడవ వచ్చినప్పుడు ముందు ఏ గుమ్మం దగ్గర ఆగాలో చెప్పేది ఆ సమాచారమే. యోయో అనే మాటకి మా దగ్గర చోటు లేదు.

మరి ఏం చేయాలి?

ప్రెప్పర్ పదాల్లోంచి మంచి ప్రశ్నలు తీసుకుని, జవాబులు మన ఊరివి రాసుకోండి.

బీఓబీ: ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం, సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ కవర్‌లో. అమ్మానాన్నల బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టార్చ్, పవర్ బ్యాంక్, కొంత చిల్లర నోట్లు. నెట్‌వర్క్ లేకపోతే యూపీఐ లేదు, గుర్తుంచుకోండి.

బీఓఎల్: ఎత్తు మీద ఉన్న స్కూలా, గుడా, పై ఊళ్లో మేనమామ ఇల్లా? దారిలో కల్వర్టు మునిగితే రెండో దారి ఏది?

కామ్స్ ప్లాన్: 112, 108, ఊరి కార్యదర్శి నంబర్, పక్క వీధిలో ఒకరి నంబర్ కాగితం మీద రాసి తలుపు వెనక అతికించండి. సరిహద్దు ఊళ్లలో ఫోన్ పక్క రాష్ట్రం టవర్ పట్టుకోవడం మామూలే. ఎమర్జెన్సీ కాల్ చేస్తే ముందు ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం చెప్పండి.

ట్రిగ్గర్: ఏ నంబర్‌కి కదులుతారు? మీ వాగుకి నంబర్ లేకపోతే పెద్దవాళ్లని అడగండి, ఏ చెట్టు మొదలు మునిగితే, ఏ మెట్టు తాకితే ఊళ్లోకి నీళ్లొస్తాయని. అదే మీ 43.

వెర్డిక్ట్

ప్లస్: ప్రెప్పర్ భాష ముందే ఆలోచించడం నేర్పుతుంది. వస్తువులకి ఒక క్రమం ఇస్తుంది. బోర్ కొట్టదు.

మైనస్: చాలా పదాలకి "ఎప్పుడు" లేదు. ఒంటరివాడి కోసం తయారైంది. షాపింగ్ కార్ట్ దగ్గర ఆగిపోతుంది. అమ్మకి అర్థం కాదు, ఇది చిన్న మైనస్ కాదు. వరద రోజు ఇంట్లో ఉండేది అమ్మ, మనం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాం.

కాబట్టి నా రికమెండేషన్: ఈడీసీ ఫొటో పెట్టండి, తప్పేం లేదు. పెట్టే ముందు ఇంటికి ఫోన్ చేసి ఒక ప్రశ్న అడగండి. "అమ్మా, వాగు ఎక్కడిదాకా వస్తే బయల్దేరతారు, ఎటు పోతారు?" వెంటనే జవాబు వస్తే మీ ఇల్లు రెడీ. రాకపోతే ఈ సేల్‌లో ఏమీ కొనకండి, ఈ ఆదివారం ఊరెళ్లండి.

మీ ఊరి చెరువుకో, వాగుకో ఇలాంటి నంబర్ ఉంటే కామెంట్‌లో రాయండి. ఊరు పేరుతో సహా.